పాత ఈపీఏబీఎక్స్‌కి వాయిస్ మెయిల్ కుదురుతుందా? కొనకముందే తేల్చుకునే పద్ధతి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఏ రైస్ మిల్లుకో లాడ్జికో వెళ్లండి. రిసెప్షన్ బల్ల వెనక గోడకి ఒక ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. పదహారో ఇరవై నాలుగో ఎక్స్‌టెన్షన్ల ఈపీఏబీఎక్స్, అంటే బయటి లైన్లని లోపలి ఫోన్లకి (ఎక్స్‌టెన్షన్లకి) పంచే డబ్బా. మనవాళ్లు దాన్ని ఇంటర్‌కమ్ అంటారు, పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ ఎక్స్ఛేంజీ అనే అంటారు. పదిహేనేళ్ల నుంచి పాపం నోరెత్తకుండా పనిచేస్తూ ఉంటుంది. ఒక రోజు యజమానికి ఆలోచన వస్తుంది. రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ ఎత్తే మనిషి లేడు, బిస్సం కటక్ నుంచి, మునిగుడ నుంచి ఆర్డర్లు పోతున్నాయి, వాయిస్ మెయిల్ పెట్టించు, ఎవరూ ఎత్తకపోతే అదే మాట రికార్డు చేసుకుంటుంది అంటాడు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ముందు విశాఖ వెళ్లి వాయిస్ మెయిల్ పెట్టె కొనేస్తారు. తెచ్చి తగిలించాక రెండింటికీ పొత్తు కుదరదు. అందుకే ఇందులో చెప్పేది చాలావరకు కొనకముందు చేయాల్సిన పని. ఖర్చు లేదు, ఒక పూట పడుతుంది.

వాయిస్ మెయిల్‌కి, ఈపీఏబీఎక్స్‌కి మధ్య మూడు సంగతులు కుదరాలి. ఫోన్ చేసినాయన ఎవరి కోసం చేశాడో వాయిస్ మెయిల్‌కి తెలియాలి. మెసేజ్ వచ్చిందని ఆ మనిషి ఫోన్ మీద దీపమో టోనో వచ్చేలా అది తిరిగి చెప్పగలగాలి. ఫోన్ చేసినాయన ఎప్పుడు పెట్టేశాడో దానికి తెలియాలి. అమ్మేవాళ్లు మొదటి రెండింటి గురించే గొప్పగా చెబుతారు. నా అనుభవంలో కొంప ముంచేది మూడోది. కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

నంబర్ కనిపించే మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్ ఒకటి. రెండు చిన్న టెలిఫోన్ వైర్లు. క్రోన్ పంచింగ్ టూల్, అంటే వైర్లని కనెక్టర్ పట్టీలోకి నొక్కే పనిముట్టు. వాయిస్ రికార్డర్ ఉన్న మొబైల్. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన ల్యాప్‌టాప్. వీటన్నిటికన్నా ముఖ్యం, మీ మోడల్‌కి సంబంధించిన ప్రోగ్రామింగ్ మాన్యువల్.

డబ్బా మీద ఉన్న మోడల్ పేరుతో పాటు లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా రాసుకోండి. ఒకే మోడల్‌లో పాత వెర్షన్‌కి వాయిస్ మెయిల్ సదుపాయం లేకుండా కొత్త వెర్షన్‌కి ఉండటం మామూలే. ఎన్ని ట్రంక్ లైన్లు (బయటి నుంచి వచ్చే టెలిఫోన్ లైన్లు) ఉన్నాయి, ఖాళీ ఎక్స్‌టెన్షన్ పోర్టులు (లోపలి ఫోన్లు తగిలించే చోట్లు) ఎన్ని ఉన్నాయి, అవి మామూలు ఫోన్ పెట్టే అనలాగ్ పోర్టులా, కంపెనీ వాళ్ల డిస్‌ప్లే ఫోన్ మాత్రమే పట్టే డిజిటల్ పోర్టులా చూడండి. కనీసం రెండు అనలాగ్ పోర్టులు ఖాళీ లేకపోతే ముందు పోర్టులు పెంచే కార్డు సంగతి తేల్చుకోవాలి.

ఎండీఎఫ్ (లోపలి, బయటి వైర్లన్నీ కలిసే పట్టీ) ఫొటో తీసుకోవడం మరిచిపోకండి. మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. ముందు పనిచేసిన వాళ్లలో ఒకరు చీటీలు ఒడియా అంకెల్లో రాసుంటారు, ఇంకొకరు తెలుగులో పేర్లు రాసుంటారు, మూడో ఆయన ఏమీ రాయకుండా వెళ్లిపోయి ఉంటారు. ఏ జంపర్ (అక్కడ రెండు చోట్లని కలిపే వైరు) ఎక్కడికి పోతోందో తెలియకుండా ఒక్క వైరు కూడా పీకవద్దు.

ఫోన్ పెట్టేసిన సంగతి పోర్టుకి చేరుతోందా?

ఒక ముచ్చట చెబుతాను. రాయగడలో ఒక నర్సింగ్ హోమ్‌కి వాయిస్ మెయిల్ పెట్టి సాయంత్రం ఇంటికొచ్చాను. అన్నీ పరీక్షించాననే అనుకున్నాను. పొద్దున్న ఏడు గంటలకి రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, రాత్రంతా ఎవరో ఫోన్ చేసి కూ కూ అనిపిస్తూ ఉన్నారు. ముప్పై ఒకటి మెసేజ్‌లు ఉన్నాయి. ఇప్పుడైతే లైనే దొరకడం లేదు" అంది.

వెళ్లి విన్నాను. ప్రతి మెసేజ్ ఒకటే తీరు. "హలో, డాక్టర్ గారు ఉన్నారా?" అని ఒక మాట, ఆ తర్వాత నిమిషాల తరబడి ఎంగేజ్ టోన్. అవతలి మనిషి పెట్టేసిన సంగతి పెట్టెకి తెలియలేదు. ఆ కూతనే మాట అనుకుని రికార్డు చేసుకుంటూ కూర్చుంది. రెండు పోర్టులూ అలాగే ఇరుక్కుపోయాయి. కొత్తగా చేసినవాళ్లకి లైను దొరకలేదు.

కారణం చిన్నది. ఆ పెట్టె అమెరికా లెక్కలో తయారైంది. అక్కడి ఎంగేజ్ టోన్‌లో 480, 620 హెర్ట్జ్ ధ్వనులు రెండూ కలిసి ఉంటాయి. మన దేశంలో 400 హెర్ట్జ్ ఒకటే, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. మనం కూతగా వినేది దానికి ఎవరో పాట పాడుతున్నట్టు వినిపిస్తుంది. సెట్టింగుల్లో దేశం ఇండియా అని మార్చితే సగం బాగుపడింది. మిగతా సగం ఎందుకు బాగుపడలేదో మీకు తెలియాలి, ఎందుకంటే మీకూ అదే జరుగుతుంది.

బయటి నుంచి వచ్చిన కాల్ తెగినప్పుడు కబురు రెండు అంచెల్లో వస్తుంది. మొదట టెలిఫోన్ కంపెనీ లైను నుంచి ఈపీఏబీఎక్స్ ట్రంక్ కార్డుకి. అక్కడి నుంచి వాయిస్ మెయిల్ తగిలించిన ఎక్స్‌టెన్షన్ పోర్టుకి. రెండో అంచెలో వినిపించేది టెలిఫోన్ కంపెనీ టోన్ కాదు, ఈపీఏబీఎక్స్ సొంత టోన్. అది ముప్పావు సెకను లెక్కలో ఉండాలని రూలేమీ లేదు. నేను కొలిచిన దాంట్లో అర సెకను మోగి అర సెకను ఆగుతోంది.

అందుకని పరీక్ష ఇలా చేయండి. వాయిస్ మెయిల్‌కి ఇవ్వాలనుకున్న ఖాళీ పోర్టుకి మామూలు ఫోన్ తగిలించండి. ఇంకో ఎక్స్‌టెన్షన్ నుంచి దానికి రింగ్ ఇచ్చి, ఎత్తి మాట్లాడి, అవతల పెట్టేయమనండి. మీరు మాత్రం రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకోండి. ఏం వినిపించింది? ఒక్క క్షణం ఫోన్ పూర్తిగా చచ్చినట్టై మళ్లీ టోన్ వస్తే అదృష్టం. పోర్టు కరెంటు తెంచి చూపిస్తోందన్న మాట. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి అదే. ఎంగేజ్ టోన్ వస్తే పర్వాలేదు, మొబైల్‌ని రిసీవర్‌కి ఆనించి ఇరవై సెకన్లు రికార్డు చేయండి. నేరుగా డయల్ టోన్ వస్తే ఇబ్బందే, ఎందుకంటే చాలా పెట్టెలు ఎంగేజ్ టోన్‌నే వెతుకుతాయి. ఏమీ రాకుండా నిశ్శబ్దంగా ఉంటే అది అన్నిటికన్నా చెడ్డది.

ఇప్పుడు ఇదే పరీక్ష మొబైల్ నుంచి ట్రంక్ లైను మీదుగా చేయండి. లోపలి కాల్ సరిగ్గా తెగి, బయటి కాల్ తెగకపోతే తప్పు వాయిస్ మెయిల్‌ది కానే కాదు. ట్రంక్ కార్డు ప్రోగ్రామింగ్ చూడాలి. లైను తెగినట్టు ఎలా గుర్తించాలి అనే సెట్టింగ్ అందులో ఉంటుంది. ఎంగేజ్ టోన్ విని గుర్తించడం, వోల్టేజీ తారుమారైతే గుర్తించడం, కరెంటు ఆగితే గుర్తించడం అని రకాలుంటాయి.

రాగి తీగ లైను తీసేసి ఫైబర్ పెట్టించుకున్న చోట ఇది మరీ జాగ్రత్తగా చూడండి. ఇప్పుడు మీ ట్రంక్ వైరు వెళ్లేది వీధి చివర స్తంభానికి కాదు, గోడకున్న ఫైబర్ మోడెమ్ వెనక టెలిఫోన్ పోర్టుకి. కాల్ తెగినప్పుడు ఆ చిన్న పెట్టె ఏం చేస్తే ట్రంక్ కార్డుకి అదే తెలుస్తుంది. పాత లైను మీద సరిగ్గా నడిచిన వాయిస్ మెయిల్ ఫైబర్‌కి మారగానే పాడైందని నన్ను పిలిచిన సందర్భాలున్నాయి. వాయిస్ మెయిల్ పాడవలేదు, కింద నేల మారింది.

రికార్డు చేసిన టోన్‌ని ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీతో తెరవండి. మోగిన ముక్క ఎంత పొడవు, ఆగిన ముక్క ఎంత పొడవు అనేది మౌస్‌తో లాగితే కింద సెకన్లలో కనిపిస్తుంది. స్పెక్ట్రమ్ చూస్తే హెర్ట్జ్ తెలుస్తుంది. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. వాయిస్ మెయిల్ అమ్మేవాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఈ అంకెలు నేను మీ పెట్టెలో సొంతంగా పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు అంటే ఎక్కడో చూపించమనండి. చూపించలేకపోతే ఆ పెట్టె వద్దు.

ఇంత చేశాక కూడా వెనక ఒక కాపలా ఉంచండి. ఒక్కో మెసేజ్ రెండు నిమిషాలకి మించకూడదు, ఆరు సెకన్లు ఏ మాటా లేకపోతే కోసేయాలి అని పెట్టండి. టోన్ తప్పిపోయినా పోర్టు రాత్రంతా ఇరుక్కోదు.

ఎవరి కోసం చేశారో ఎలా తెలుస్తుంది?

203 ఎక్స్‌టెన్షన్‌లో అకౌంటెంట్ గారు లేరు. నాలుగు రింగుల తర్వాత కాల్ వాయిస్ మెయిల్ పోర్టుకి మళ్లింది. ఇది 203 కోసం వచ్చిన కాల్ అని ఈపీఏబీఎక్స్ చెప్పకపోతే, వాయిస్ మెయిల్‌కి అది ఎవరిదో తెలియని కాల్. మెయిల్‌బాక్స్ (ఒక్కొక్కరి మెసేజ్‌లు ఉండే అర) నంబర్ నొక్కండి అని అడుగుతుంది. కాశీపూర్ నుంచి చేసిన ముసలాయనకి మీ మెయిల్‌బాక్స్ నంబర్ ఏం తెలుస్తుంది?

మీ డబ్బా ఆ కబురు చెబుతుందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ అదే మామూలు ఫోన్ చాలు. 203ని ఆ ఖాళీ పోర్టుకి ఫార్వర్డ్ చేయండి. మాన్యువల్‌లో ఆ పోర్టుని వాయిస్ మెయిల్ పోర్టుగా ప్రకటించే సెట్టింగ్ ఉంటే అదీ చేయండి. ఇది చేయకుండా పరీక్షిస్తే ఫలితం తప్పు వస్తుంది. తర్వాత ఇంకో ఎక్స్‌టెన్షన్ నుంచి 203కి చేయండి. పరీక్ష ఫోన్ మోగగానే ఎత్తి, నోరు మూసుకుని వినండి. టిక్ టిక్ టిక్ అని వేగంగా మూడు నాలుగు మీటల చప్పుడు వినిపించిందా? అదే మీకు కావాల్సింది. ఈపీఏబీఎక్స్ ఫోన్ మీటలు నొక్కినట్టుగా 203 అని పంపిస్తోంది. చాలాసార్లు ముందో వెనకో ఒక స్టార్, హ్యాష్, లేదా ఇంకో అంకె అదనంగా ఉంటుంది. బిజీగా ఉండి మళ్లిందా, ఎత్తక మళ్లిందా అనేది ఆ అదనపు అంకె చెబుతుంది.

ఆ చప్పుడూ రికార్డు చేయండి. మీట ఏదో పట్టుకోవడం కష్టం కాదు, ఒక్కో మీటకి రెండు ధ్వనులే ఉంటాయి. ఐదు అంకెకి 770, 1336 హెర్ట్జ్. మొబైల్‌లో వీటిని అంకెలుగా చూపించే ఉచిత యాప్‌లు కూడా ఉన్నాయి. బిజీ అయినప్పుడు, ఎత్తనప్పుడు, నేరుగా వాయిస్ మెయిల్‌కే చేసినప్పుడు ఏమేం పంపుతోందో మూడు వరుసలు రాసుకోండి. మీరు కొనే పెట్టెకి ఈ మూడు వరుసలూ నేర్పగలిగితే పొత్తు కుదిరినట్టే. ఒక చిన్న సంగతి, ఎత్తిన వెంటనే అంకెలు వచ్చేస్తాయి కాబట్టి వాయిస్ మెయిల్ ఆహ్వానం వినిపించే ముందు ఒక సెకనో రెండు సెకన్లో ఆగి వినేలా పెట్టాలి. లేకపోతే నమస్కారం అనే మాట కింద అంకెలు మునిగిపోతాయి.

మీటల చప్పుడు రాకపోతే ఫోన్ తెర మీద ఏ నంబర్ కనిపించిందో చూడండి. కొన్ని డబ్బాలు మళ్లిన ఎక్స్‌టెన్షన్ నంబర్‌ని కాలర్ ఐడీలాగా పంపుతాయి.

పెద్ద పెద్ద మిల్లుల్లో, పాత ఫ్యాక్టరీల్లో ఉండే భారీ ఎక్స్ఛేంజీలకి వేరే పద్ధతి ఉంటుంది. మాటలు టెలిఫోన్ పోర్టుల మీద నడిస్తే, ఎవరి కోసం అన్న కబురు విడిగా ఒక సీరియల్ వైరు మీద నడుస్తుంది. దాన్ని ఎస్ఎండీఐ అంటారు. ప్రతి కాల్‌కీ ఒక వరుస అక్షరాలు వస్తాయి. ఏ పోర్టుకి వచ్చింది, ఎందుకు మళ్లింది, ఎవరి నుంచి మళ్లింది, ఎవరు చేశారు అన్నీ అందులోనే. బిజీకి బి, ఎత్తకపోతే ఎన్, అన్ని కాల్సూ మళ్లించి ఉంటే ఏ, నేరుగా వస్తే డీ. దీపం వెలిగించమనే ఆజ్ఞ కూడా అదే వైరు మీద తిరిగి వెళుతుంది. ఇందులో చెడేది దాదాపు ఎప్పుడూ రెండే. ఒకటి, వేగం. 1200 బాడ్, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ తరచుగా కనిపించే లెక్క. రెండు వైపులా ఒకేలా లేకపోతే తెర మీద పిచ్చి అక్షరాలు పడతాయి. రెండోది, నంబర్ పొడవు. ఎస్ఎండీఐలో ఏడు లేదా పది అంకెలు రావాలి కాబట్టి 203 కాస్తా 0000203 అయి వస్తుంది. ముందు సున్నాలు తీసేయమని వాయిస్ మెయిల్‌కి చెప్పకపోతే అలాంటి మెయిల్‌బాక్స్ లేదంటుంది.

కొత్త ఐపీ డబ్బాలైతే ఎస్ఐపీ ట్రంక్ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే లైను) మీద కలపవచ్చు. అక్కడ చూడాల్సింది, మళ్లిన నంబర్‌ని కాల్‌తో పాటు వెళ్లే వివరాల్లో డైవర్షన్ హెడర్‌లో పంపుతోందా, హిస్టరీ ఇన్ఫో హెడర్‌లో పంపుతోందా అని. డబ్బా పంపేది ఒకటై, వాయిస్ మెయిల్ చదివేది ఇంకొకటైతే అన్ని కాల్సూ ఎవరిదో తెలియని కాల్సే అవుతాయి. కోడెక్ (మాటని అంకెలుగా మార్చే పద్ధతి) జీ 711 పెట్టండి. జీ 729 లాంటి పిండేసే కోడెక్ పెడితే మాట బాగానే వినిపిస్తుంది కానీ మాటతో పాటు పోయే మీటల ధ్వనులు చెడిపోతాయి. మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ నొక్కితే తీసుకోవడం లేదని గొడవ వస్తుంది.

ఇవేవీ లేని చిన్న డబ్బా మీదైతే? నిరాశపడకండి, మన వైపు చాలావరకు ఇవే. ఈపీఏబీఎక్స్‌ని కబురు అడగడం మానేసి, వాయిస్ మెయిల్‌నే ముందు ఫోన్ ఎత్తనివ్వండి. బయటి కాల్ నేరుగా వాయిస్ మెయిల్‌కి వస్తుంది. అది ఫ్లాష్ కొట్టి (రిసీవర్ పెట్టే మీటని క్షణం నొక్కి వదిలినట్టు చేసి), తనే 203 డయల్ చేసి, రింగ్ వింటూ ఉంటుంది. ఎత్తితే కలిపి తప్పుకుంటుంది. ఎత్తకపోతే మళ్లీ ఫ్లాష్ కొట్టి కాల్ వెనక్కి తీసుకుని మెసేజ్ అడుగుతుంది. ఎవరి కోసమో తనకి తెలుసు, డయల్ చేసింది తనే కదా. ఒక్క లోటు, ఎక్స్‌టెన్షన్ నుంచి ఎక్స్‌టెన్షన్‌కి చేసిన లోపలి కాల్స్‌కి ఇది పనిచేయదు. పదహారు ఎక్స్‌టెన్షన్ల లాడ్జికి అది లోటే కాదు, అరిస్తే వినిపించే దూరం. అందుకే చిన్న చోట్ల నేను కబురు, దీపం అని తంటాలు పడకుండా ఈ దారే పడతాను.

ఈ దారిలో ఫ్లాష్ ఎంత సేపు అనేది కీలకం. ఒక డబ్బాకి 100 మిల్లీసెకన్లు సరిపోతే ఇంకో దానికి 600 కావాలి. తక్కువైతే డబ్బా పట్టించుకోదు, ఎక్కువైతే ఫోన్ పెట్టేశారనుకుని కాల్ కోసేస్తుంది. మాన్యువల్‌లో అంకె దొరక్కపోతే 100తో మొదలుపెట్టి యాభై యాభై పెంచుకుంటూ పోండి. వరుసగా పదిసార్లు తప్పకుండా పట్టిన అంకె మీద ఆగండి.

దీపం సంగతి

మెసేజ్ వచ్చిందని తెలియడానికి మూడు రకాల గుర్తులున్నాయి. ఫోన్ మీద దీపం, తెర మీద గుర్తు, రిసీవర్ ఎత్తితే తెగి తెగి వచ్చే డయల్ టోన్. మొదటిది కావాలంటే దీపం ఉన్న ఫోన్, దాన్ని వెలిగించగల ఎక్స్‌టెన్షన్ కార్డు రెండూ ఉండాలి. మామూలు చవక ఫోన్లున్న చోట మూడోదే దిక్కు. అది కూడా చాలు.

పరీక్ష సులువు. వాయిస్ మెయిల్ పోర్టుకి తగిలించిన మామూలు ఫోన్ నుంచి మాన్యువల్‌లో ఉన్న వెలిగించే కోడ్, దాని వెనకే 203 నొక్కండి. 203 దగ్గరికి వెళ్లి చూడండి. ఆర్పే కోడ్‌తో ఆర్పండి. చేత్తో నొక్కితే వెలగనిది వాయిస్ మెయిల్ నొక్కితే వెలగదు. చేత్తో వెలిగి వాయిస్ మెయిల్‌తో వెలగకపోతే, అది డయల్ టోన్ రాకముందే నొక్కేస్తోందేమో చూడండి. ముందు ఒక సెకను ఆగమని పెట్టండి, ఒక్కో మీట 100 మిల్లీసెకన్లు ఉండేలా చేయండి.

కరెంటు పోయి వచ్చాక కొన్ని డబ్బాలు వెలిగిన దీపాలన్నీ మరిచిపోతాయి. రోజుకోసారి తెల్లవారుజామున దీపాలన్నీ మళ్లీ సరిచూసే ఏర్పాటు వాయిస్ మెయిల్‌లో ఉంటే ఆన్ చేయండి.

ఎన్ని పోర్టులు కావాలి?

అమ్మేవాడు నాలుగు పోర్టులంటాడు, యజమాని రెండు చాలంటాడు. తగువు తీర్చడానికి 1917లో డెన్మార్క్ ఇంజనీర్ ఎర్లాంగ్ ఇచ్చిన సూత్రం ఉంది. రద్దీ గంటలో 20 కాల్స్ వాయిస్ మెయిల్‌కి వస్తాయి, ఒక్కోటి 90 సెకన్లు అనుకోండి. మొత్తం 1800 సెకన్లు, గంటలో సగం. దాన్ని అర ఎర్లాంగ్ అంటారు. రెండు పోర్టులు పెడితే సుమారు పదమూడు కాల్స్‌లో ఒకటి ఎంగేజ్ వస్తుంది. మూడు పెడితే ఎనభైలో ఒకటి. నాలుగు పెడితే ఆరు వందలు దాటాక ఒకటి. రైస్ మిల్లుకి మూడు, నర్సింగ్ హోమ్‌కి నాలుగు నా లెక్క. ఆ పోర్టులన్నిటినీ ఒక హంట్ గ్రూప్‌లో (ఒకటి బిజీ అయితే కాల్ ఇంకోదానికి పోయే గుంపులో) వేసి, అన్నీ నిండితే రిసెప్షన్‌కి పోయేలా పెట్టండి. వాయిస్ మెయిల్ ముందు ఎత్తే పద్ధతిలో అయితే ఒక్కో పోర్టు ఇంకాసేపు బిజీగా ఉంటుంది, ఒకటి అదనంగా లెక్కేయండి.

నిల్వ గురించి బెంగ వద్దు. పిండకుండా ఉంచినా గంట మాటలకి 29 ఎంబీ లోపే.

ఆహ్వానం ఏ భాషలో?

ఇది టెక్నికల్ సంగతి కాదని తోసేయకండి. మన ప్రాంతంలో వాయిస్ మెయిల్ వాడకం ఇక్కడే నిలబడుతుంది లేదా పడిపోతుంది. రాయగడలో ఫోన్ చేసేవాళ్లు ఒడియా, తెలుగు, హిందీ మూడింట్లో ఏదైనా మాట్లాడొచ్చు. కొండల మీది ఊళ్ల నుంచి చేసేవాళ్లకి ఇంట్లో భాష కువి. తెలుగుకి ఒకటి నొక్కండి, ఒడియాకి రెండు నొక్కండి అని మొదట్లో నేనూ పెట్టాను. జనం ఏమీ నొక్కలేదు. మనిషే మాట్లాడుతున్నాడనుకుని "హలో, హలో, నేను కొల్నారా నుంచి" అంటూ ఆహ్వానం మధ్యలోనే మొదలుపెట్టారు. బీప్ వచ్చేసరికి చెప్పడం అయిపోయింది, పెట్టేశారు. మెసేజ్‌లో మిగిలింది నిశ్శబ్దం.

ఇప్పుడు మీటలు పెట్టను. ముందు ఒడియాలో, వెంటనే తెలుగులో, ఒక్కోటి ఆరేడు సెకన్లు మించకుండా పెడతాను. "ఇది మిషన్. ఇప్పుడు ఆఫీసులో ఎవరూ లేరు. బీప్ అన్నాక మీ పేరు, ఊరు, ఫోన్ నంబర్ చెప్పండి." మొదటి మాటే మిషన్ అని చెప్పడం వల్ల చాలా తేడా వచ్చింది. నంబర్ రెండుసార్లు చెప్పమంటే ఇంకా మంచిది, ఘాట్ రోడ్డులో సిగ్నల్ తెగి తెగి వస్తుంది. ఒడియా మాట అక్కడ పనిచేసే ఒడియా మనిషి చేతే చెప్పించండి. మన యాసతో చెప్పిన ఒడియా మనకి బాగానే ఉంటుంది, వాళ్లకి నవ్వొస్తుంది.

రికార్డింగ్ ఫ్యాన్ ఆపి చేయండి. ఫ్యాన్ హోరు ఉంటే మాట మిషన్‌ది కాదు, ఎవరో గదిలో ఉన్నారనిపిస్తుంది.

తాళం, కరెంటు, పిడుగు

వాయిస్ మెయిల్ పోర్టులకి ఎస్టీడీ, ఐఎస్డీ పోయే అనుమతి ఈపీఏబీఎక్స్‌లోనే తీసేయండి. మెయిల్‌బాక్స్‌లోకి దూరి అక్కడి నుంచి బయటికి డయల్ చేసి బిల్లు మీ నెత్తిన వేసే మోసం ప్రపంచమంతా పాతదే. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. 203 మెయిల్‌బాక్స్‌కి 203 అనే పాస్‌వర్డ్ ఉంటే అది తాళం కాదు. దీపం వెలిగించే కోడ్‌కి, లోపలి ఎక్స్‌టెన్షన్లకి అనుమతి ఉంటే ఈ పోర్టులకి చాలు.

రెండింటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టండి. ఈపీఏబీఎక్స్ అర నిమిషంలో లేస్తుంది, కంప్యూటర్ మీద నడిచే వాయిస్ మెయిల్ లేవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో మళ్లిన కాల్స్ దిక్కులేకుండా మోగుతూ ఉంటాయి. పోర్టు ఇరవై సెకన్లలో ఎత్తకపోతే రిసెప్షన్‌కి తిరిగి రావాలి అని పెట్టుకోండి.

వేసవి చివర గాలివానలు, తర్వాత వర్షాకాలం, పిడుగుల సంగతి ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రాగి ట్రంక్ లైను ఇంకా ఉంటే ఎండీఎఫ్ మీద ప్రతి జతకీ అరెస్టర్ (పిడుగు కరెంటుని భూమిలోకి మళ్లించేది) వేయించండి, దాని ఎర్త్ నిజంగా భూమిలోకి వెళుతోందో లేదో మీరే చూడండి. ఎర్త్ వైరు కిటికీ ఊచకి చుట్టి వదిలేసిన చోట్లు నేను చూశాను. గోడౌన్లకి ఆరుబయట లాగిన ఎక్స్‌టెన్షన్ వైర్లకి కూడా ఇదే జాగ్రత్త కావాలి, పిడుగు ట్రంక్ వైపు నుంచే రావాలని ఏమీ లేదు.

కొన్నాక మొదటి వారం

డబ్బులన్నీ ఒకేసారి ఇవ్వకుండా వారం గడువు అడగండి. ఆ వారం రోజూ పొద్దున్న కూర్చుని రాత్రి వచ్చిన ప్రతి మెసేజ్ చివరిదాకా వినండి. చివర కూత వినిపిస్తే టోన్ అంకెలు మళ్లీ చూడాలి. మాట మధ్యలో తెగితే ఆరు సెకన్ల నిశ్శబ్దాన్ని ఎనిమిది చేయాలి, పెద్దవాళ్లు నంబర్ గుర్తు చేసుకోవడానికి ఆగుతారు. 203కి రావాల్సింది అందరికీ కలిపి ఉంచిన మెయిల్‌బాక్స్‌లో పడితే ఆ కాల్ ఏ దారిన మళ్లిందో కనుక్కోండి. బిజీ దారికి అంకెలు నేర్పి ఎత్తని దారికి మరిచిపోవడం నేనే చాలాసార్లు చేశాను.

వారం అయ్యాక టోన్ అంకెలు, మీటల మూడు వరుసలు, ఫ్లాష్ సమయం, దీపం కోడ్‌లు, పోర్టు నంబర్లు ఒక కాగితం మీద రాసి ఈపీఏబీఎక్స్ మూత లోపలి వైపు అంటించండి. ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద వద్దు.